ముప్పై ఎనిమిది గడ్డివాములు

జహీరాబాదులో కుర్చీలోంచి లేవకుండా, ఎదురుగా పెట్టిన చాయ్ మీద తొరక కట్టేలోపు, సముద్రపు ఒడ్డున ఉన్న ముప్పై ఎనిమిది ఇళ్ళను నాగరాణి నేలమట్టం చేసింది. పొక్లెయిన్ పెట్టినా రెండు రోజులు పట్టే పని. ఆమెకు ఒక్క వేలు సరిపోయింది. చెమట కూడా పట్టలేదు.

సరే, కొంచెం వెనక్కి తగ్గుదాం. ముప్పై ఎనిమిది అన్నది నిజం. నేలమట్టం అన్నది కాస్త పెద్ద మాట. ఆ ఇళ్ళ మీంచి ఒక్క తాటాకైనా రాలలేదు. చాయ్ తొరక కట్టిందో లేదో చూసినవాళ్ళు లేరు. వేలు మాత్రం ఒక్కటే, కుడిచేతి చూపుడువేలు. ఇక మిగిలిన కథలో తగ్గించడానికి ఏమీ లేదు.

నాగరాణిది ఝరాసంగం. తండ్రి ఎంకయ్యకు మూడెకరాల చెలక ఉంది, జొన్నా కందీ వేస్తాడు. ఎంకయ్య పేర్చిన చొప్పవాములోకి ఎంత వానలోనూ చుక్క నీరు దిగదని చుట్టుపక్కల పేరు. ఆయన కింది నుంచి మోపులు విసురుతుంటే, చిన్నప్పుడు నాగరాణి పైన నిలబడి తొక్కేది. పొట్ట ఎక్కడ ఉబ్బాలో, కొప్పు ఎక్కడ ముడుచుకోవాలో ఆ పిల్ల అరికాళ్ళకు తెలుసు. తర్వాత జహీరాబాదులో డిగ్రీ చదివింది. రెండేళ్ళు ఫ్యాక్టరీ గేట్ల ముందు సర్టిఫికెట్లు పట్టుకుని నిలబడింది. చివరికి బస్టాండు వెనక ఎరువుల దుకాణం పైమేడలో, ఊరంతా 'చుక్కల ఆఫీసు' అని పిలిచే చోట కుర్చీ దొరికింది. రోజూ పొద్దున షేర్ ఆటోలో వచ్చి, సాయంత్రం షేర్ ఆటోలో పోతుంది.

చుక్కల ఆఫీసు పని ఇది. కోస్తా పొడవునా ఒక విమానం ఎగురుతుంది. దాని కడుపులోంచి లేజరు వెలుగు సెకనుకు లక్షలసార్లు కిందికి దూకి, అందిన దాన్ని తాకి, వెనక్కి వస్తుంది. పోయి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి అక్కడి ఎత్తు ఎంతో తెలుస్తుంది. ఒక్కో తాకిడికీ ఒక చుక్క. అలాంటి కోట్ల చుక్కలు గడులు గడులుగా హైదరాబాదు పెద్దాఫీసు నుంచి ఇక్కడికి వస్తాయి. నేలకు గోధుమరంగు, చెట్టూ చేమకు ఆకుపచ్చ, ఇంటికి ఎరుపు. చాలామట్టుకు యంత్రమే రంగులు వేసుకుంటుంది. దానికి అనుమానం వచ్చినవి బూడిదరంగులో ఉండిపోతాయి. ఆ అనుమానాలు తీర్చడానికి పన్నెండు మంది మనుషులు, ఒక్కొక్కరికి రోజుకు తొమ్మిది గడులు. సముద్రానికి ఇంత దూరాన, సముద్రాన్ని ఎన్నడూ చూడని పన్నెండు మంది.

వాళ్ళలో నాగరాణిది డేగకన్ను. ఒట్టి చుక్కలు చూసి ఇది చింతచెట్టు, ఇది వేపచెట్టు అని చెప్పేది. టీమ్ లీడరు అనిల్ ఆమెను సగం వేళాకోళంగా, సగం భయంగా 'మేడం' అనేవాడు. అనిల్ తండ్రి సాంబశివరావు ఏనాడో కోస్తా నుంచి ఫ్యాక్టరీ ఇంజనీరుగా వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. అనిల్ పుట్టింది జహీరాబాదులోనే. సముద్రాన్ని సెలవుల్లో రెండుసార్లు చూశాడు, రెండుసార్లూ చెప్పులు చేత్తో పట్టుకుని.

ఫిబ్రవరిలో ఒక రోజు నాలుగు వందల పదిహేడో గడి నాగరాణి ముందుకు వచ్చింది. తీరం కొలతకు విమానం సముద్రం వెనక్కి తగ్గిన వేళ, అంటే పాటు వేళ, ఎగరాలి. ఆ గడి మీద ఎగిరిననాడు పాటు తెల్లవారకముందే వచ్చింది. లేజరుకు చీకటి అడ్డం కాదు గాని, కెమెరాకు అడ్డమే. కాబట్టి ఆ గడికి ఫోటో లేదు, చుక్కలే ఉన్నాయి. ఏరు సముద్రంలో కలిసే మొగ పక్కన మూడు వరసల్లో బూడిదరంగు బుడిపెలు.

అనిల్ ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. "ఇవేంటంటారు మేడం? మిషన్‌కు అర్థం కాలేదట."

"వాములు సార్."

"ఇళ్ళేమో?"

"ఇండ్లా? జర సూడున్రి సార్. చూరు భూమికి మూడు ఫీట్లు గూడ లేదు. మనిషి ఎట్ల జొరవడ్తడు, కుక్కలెక్క పాకుకుంట పోతడా?" చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. ఆమెకు హుషారు వచ్చింది. "కింద పొట్ట, మీద కొప్పు. మా బాపు పెట్టిన వామి అచ్చం గిట్లనే ఉంటది."

"మరి వరసగా ఉన్నాయే?"

"కల్లం కాడ వరసగనే పెడ్తరు. మీరు ఎన్నడన్న కల్లం మొఖం సూసిన్రా సార్?"

అనిల్ చూడలేదు. చూడనివాడు చూసినదానికి తలవంచడం న్యాయమే కదా. "అయితే రిమార్కుల్లో రాసెయ్యి," అన్నాడు.

నాగరాణి చూపుడువేలు ముప్పై ఎనిమిదిసార్లు కదిలింది. బుడిపెలన్నీ పచ్చబడ్డాయి. రిమార్కుల్లో 'గడ్డివాములు, 38' అని రాసింది. అనిల్‌కు ఆ పని ఎంత నచ్చిందంటే, ఆ గడిని రంగుల్లో అచ్చు తీయించి మంచినీళ్ళ ఫిల్టరు పైన గోడకు అంటించాడు, మిగతావాళ్ళు చూసి నేర్చుకోవాలని. నేర్చుకున్నారు కూడా. ఆ తర్వాత తీరం పొడవునా ఎక్కడెక్కడ ఎన్ని వాములు మొలిచాయో లెక్క తేల్చినవాళ్ళు లేరు. మార్చిలో మ్యాపు చేయించుకున్న సర్కారు కార్యాలయానికి అంతా చేరిపోయింది. తుఫాను అలలను ఆపడానికి సముద్రం వెంట కరకట్ట ఎక్కడ కట్టాలో ఆ మ్యాపు చూసి గీత గీస్తారని అందరికీ తెలుసు. ఇళ్ళున్న చోట ఇళ్ళకు ముందు కట్ట. ఇళ్ళు లేని చోట, ఎక్కడ ఖర్చు తగ్గితే అక్కడ.

ఆ పన్నెండు మందికీ మధ్యాహ్నం అన్నం డబ్బాలు తెచ్చేది కనకదుర్గ. భర్త వెంకట్ ఫ్యాక్టరీలో వెల్డరు. ఇద్దరూ చేపలు పట్టే బెస్తవాళ్ళే, పదేళ్ళ కిందట కోస్తా నుంచి వచ్చారు. కూరలో పులుపు ఎక్కువైందని ఆఫీసువాళ్ళు, మీ నాలుకలకు జొన్నరొట్టె మందం ఎక్కువైందని ఆమె, రోజూ ఒక విడత సాగేది.

జూన్‌లో ఒకనాడు డబ్బాలు దించుతూ కనకదుర్గ గోడ మీది పటం చూపించింది. "ఏంటమ్మాయ్ ఇది? రోజూ చూస్తన్నా, చంటిపిల్లలు రంగులు పులిమినట్టుంది."

"మీ సముద్రం అక్కా! ఇగో, ఈ నీలమంత నీళ్ళు. ఇది ఏరు. గిది లైట్‌హౌసు."

కనకదుర్గ దగ్గరికి వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుని వేలు పెట్టింది. "ఓరి నాయనో, ఇది మా మొగలిదిబ్బే! ఏటి మొగ ఇట్టా కొంకిలాగ తిరిగేది మా ఊళ్ళోనే. ఇదిగో ఐసు ఫ్యాక్టరీ. ఇక్కణ్ణుంచి ఇట్టా వస్తే మూడో వరసలో మొదటిది..." వేలు ఆగిపోయింది. "మా అమ్మ ఇల్లేదే? ఈ పచ్చ బుడిపెలేంటి?"

"గవి గడ్డివాములక్కా."

"గడ్డా? ఆ ఇసకలోనా?" కనకదుర్గ పగలబడి నవ్వింది. "ఎవరు మేస్తారే, సొరచేపలా?"

నాగరాణి కూడా నవ్వబోయింది. కనకదుర్గ నవ్వు మధ్యలోనే ఆరిపోయింది.

"అమ్మాయ్, అవి చుట్టిళ్ళు. తాటాకు కప్పు నేల దాకా దించుతారు, గాలి కిందికి దూరి ఎత్తెయ్యకుండా. వంగి పోవాలి లోపలికి."

"లోపట మనుషులుంటరా?"

"నేను పుట్టింది అందులోనే."

డబ్బా మూత తీయకుండానే నాగరాణి అనిల్ దగ్గరికి పోయింది. అనిల్ విని, తలుపు వేసి వచ్చాడు. మార్చిలో పంపిన పని తెరిపించాలంటే గోడ మీది పటం చూసి చేసిన ఆరు వందల గడులూ తెరవాలన్నాడు. పెద్దాఫీసు ఈ మేడకు తాళం వేస్తుందన్నాడు. "ఫికర్ చేయకు. నేల మీద కొలిచేవాళ్ళు వెళ్తారుగా, వాళ్ళకు దొరుకుతుంది."

నేల మీద కొలిచేవాళ్ళు వెళ్ళారు కూడా. సిమెంటు రోడ్డు మీద, బడి అరుగు మీద, ఐసు ఫ్యాక్టరీ గచ్చు మీద పరికరం నిలబెట్టి, విమానం చెప్పిన ఎత్తునూ తాము కొలిచిన ఎత్తునూ పోల్చారు. పది సెంటీమీటర్ల లోపే తేడా. మ్యాపు పాసయింది. ఎత్తు ఎంత అని పరీక్షించారు గాని, ఆ ఎత్తు కింద ఎవరున్నారని పరీక్షలో అడగలేదు.

అనిల్‌తో మాట్లాడిన ఆ సాయంత్రమే ఝరాసంగంలో, ఎద్దులకు చొప్ప వేస్తున్న ఎంకయ్యతో నాగరాణి సంగతంతా చెప్పింది. తండ్రి వెన్ను తడతాడనుకుంది.

"వామి కాడ ఏముంటది బిడ్డా?" అన్నాడు ఎంకయ్య.

"ఏముంటది?"

"గొడ్డు ఉంటది. కొట్టం ఉంటది. గొడ్డు లేనోడు ఒట్టిగ వామి ఎందుకు వెడ్తడు, పిచ్చోడా? ముప్పై ఎనిమిది వాములు సూస్తివి. ఒక్క కొట్టమన్న యాడుందని ఎతికినవా?"

తల్లి బస్వమ్మ కసిరింది. "అన్నం తినెతందుకు అచ్చిన పిల్లను గట్ల పొడుస్తవేంది?"

"నేను పొడుస్త లేను. వామి పెట్టుడు నేర్పిన గని, వామి ఎందుకు పెడ్తరో నేర్పకపోతి." ఎంకయ్య ఎద్దు ముందుకు ఇంకో కట్ట తోశాడు. కూతురి వైపు మళ్ళీ చూడలేదు.

ఆగస్టులో కనకదుర్గ తెచ్చిన డబ్బా మూత కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. మొగలిదిబ్బలో కరెంటు స్తంభానికి అంటించిన నోటీసు, అన్న కొడుకు చింపి పంపాడు. 'కరకట్ట పనులకు ఆటంకముగా నున్న గడ్డివాములను వాటి యజమానులు ఏడు దినములలోగా తొలగించుకొనవలెను.'

"మా అన్న ఫోన్ చేసి నవ్వుతున్నాడు," అంది కనకదుర్గ. "గడ్డి లేని ఊళ్ళో గడ్డివాము పీకమంటన్నారు, గవర్నమెంటోళ్ళు తాగి రాశారేమో అని. నేను నవ్వలేకపోయా. ఎందుకంటే ఎవరు రాశారో నాకు తెలుసు."

నాగరాణి ఆ కాగితాన్ని మళ్ళీ నాలుగు మడతలు పెట్టింది.

"ఆదివారం మా ఊరు పోతన్నా. నువ్వూ రా. నీ వాములు నువ్వే చూద్దువుగాని."

వెళ్ళింది. రైలు దిగి, బస్సు దిగి, ఇసకలో నడిచి, నాగరాణి మొదటిసారి సముద్రాన్ని చూసింది. చూసింది అనడం కూడా దండగ. ఆమె కళ్ళు ఇళ్ళ మీదే ఉన్నాయి. కింద పొట్ట, మీద కొప్పు. తెర మీద చూసినట్టే ఉన్నాయి, ఒక్క చుక్క తేడా లేకుండా. కనకదుర్గ తల్లి ఇంట్లోకి వంగి దూరబోతే గుమ్మం నుదుటికి ఠపీమని తగిలింది.

"వంగాలమ్మా, ఇంకా వంగాలి," అంది లోపల్నించి ముసలామె. "మా గుమ్మం కలెక్టరు తలనైనా వంచుద్ది. ఏ ఊరు మీది?"

"జహీరాబాదు దిక్కు, అమ్మా."

"అంత దూరమా! చేపలు తింటారా అక్కడ?"

లోపల చల్లగా ఉంది. మూల ఇత్తడి బిందె, వెదురు దండెం మీద మడత పెట్టిన చీరలు, పైన తాటాకులో గుచ్చిన దువ్వెన. తొరక కట్టడం తప్ప ఏమీ తెలియని చాయ్ పక్కన కూర్చుని, లోపల బిందె ఉంటుందని ఎవరనుకుంటారు? ముసలామె అన్నం పెట్టి, చేపల పులుసు పోసి, బయటికి చెయ్యి చూపించింది. ఇళ్ళకు వెనకవైపు, ఊరికీ బడికీ మధ్య, తెల్లసున్నం కొట్టిన రాళ్ళు వరసగా పాతి ఉన్నాయి.

"చదువుకున్నదానివి కదమ్మా, నువ్వు చెప్పు. సముద్రం ముందుంటే గోడ ఎనక కడతారా ఎవరైనా? రాళ్ళు పాతినోణ్ణి అడిగితే, ఈ పక్కన జనం లేరని కాయితంలో ఉందంటాడు. నేను వాడి ఎదురుగానే నిలబడున్నా!" ముసలామె నవ్వింది. పళ్ళు లేవు. "కళ్ళు పోయాయేమో పాపం అనుకున్నా."

కనకదుర్గ నాగరాణి ముఖంలోకి చూస్తూ కూర్చుంది. చెప్తుందేమోనని ఎదురు చూసింది. నాగరాణి పులుసులో అన్నం కలుపుతూనే ఉంది. చేసిన పాపం ఒకటి, చేయాల్సింది చేయని పాపం ఇంకొకటి అని చదువుకునే రోజుల్లో కాన్వెంటు సిస్టర్లు విడదీసి చెప్పేవారు. మొదటిది తెలియక చేశానని తప్పించుకోవచ్చు. రెండోదానికి ఆ సందు లేదు. తిరుగు ప్రయాణంలో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. కనకదుర్గ కిటికీ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు నాగరాణి నాలుగు వందల పదిహేడో గడి తెరిచి, ముప్పై ఎనిమిది బుడిపెలకూ ఎరుపు వేసింది. మ్యాపు చేయించుకున్న కార్యాలయానికి ఎవరినీ అడగకుండా తన పేరుతో ఉత్తరం రాసింది. 'ఇవి గడ్డివాములు కావు, ఇండ్లు. తప్పు నాది. దయచేసి కట్ట గీత మార్చండి.' పటం జతచేసి రిజిస్టరు పోస్టులో పంపింది. రాత్రి ఎంకయ్యతో చెబితే, ఆయన చాలా రోజులకు కూతురి పక్కన కూర్చుని తిన్నాడు.

ఇరవై రోజులకు జవాబు వచ్చింది. ధన్యవాదాలు తెలిపారు. మ్యాపు తుదిగా ఆమోదం పొందిందని, దాని కచ్చితత్వం పది సెంటీమీటర్ల లోపని, ధ్రువపత్రం నకలు జతపరిచామని రాశారు. ఆ జవాబు నకలు ఒకటి హైదరాబాదు పెద్దాఫీసుకూ వెళ్ళింది.

పెద్దాఫీసు నుంచి శ్రీకాంత్ అనే పెద్దమనిషి వచ్చాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాగరాణి కథ ఇంకోలా ఉండేదేమో. చల్లగా మాట్లాడి, ఒకే కవరులోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి ఉద్యోగం పర్మనెంటు చేసే ఉత్తర్వు. రెండోదానిలో రెండే వాక్యాలు. 'గడి నంబరు 417లో నేను ఏ పొరపాటూ గుర్తించలేదు. నా పేరుతో అందిన ఉత్తరం నేను రాసినది కాదు.'

"నేనే రాసిన సార్," అంది నాగరాణి.

"తెలుసమ్మా. చూడు, వాములనుకోవడంలో నీ తప్పు లేదు. ఎవరైనా అనుకుంటారు. తప్పు చేశానని రాశావు చూడు, అదే తప్పు. వచ్చే నెల ఇంకో తీరం పని వస్తోంది. ఈ మేడ మీద పన్నెండు మంది ముప్పై మంది అవుతారు. ఈ కాగితం లేకపోతే పని రాదు. అప్పుడు పన్నెండు మందీ ఉండరు."

"ఆ ఇండ్లళ్ళ మనుషులున్నరు సార్. నేను పోయి సూసిన. పులుసు పోసిన్రు నాకు."

"పోస్తారు. మంచివాళ్ళు." శ్రీకాంత్ కలం మూత తీసి ఆమె వైపు జరిపాడు. "గీత మారదమ్మా. నువ్వు సంతకం చేసినా మారదు, చేయకపోయినా మారదు. మారేది ఈ ఆఫీసే."

అద్దం అవతల పదకొండు తలలు తెరల వైపు తిరిగి ఉన్నాయి. ఒక్క వేలూ కదలడం లేదు. పక్క కుర్చీ త్రివేణి కిందటి వారమే చెల్లెల్ని ఉద్యోగానికి తీసుకొచ్చి చూపించింది. ఆ చెల్లెలు వరండాలో ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

ఇళ్ళను చెరపడానికి ఒక్క వేలు చాలింది. సంతకానికి మూడు వేళ్ళు కావలసి వచ్చాయి.

మర్నాడు మధ్యాహ్నం కనకదుర్గ పదకొండు డబ్బాలే తెచ్చింది. ఎవరు చెప్పారో, ఎలా తెలిసిందో. అప్పట్నుంచి బస్వమ్మ చీకట్లో లేచి కట్టిచ్చిన జొన్నరొట్టెనే నాగరాణి తన తెర ముందు కూర్చుని తింటోంది.

కట్ట లేచింది. మొగలిదిబ్బకు ఇప్పుడు ముందు సముద్రం, వెనక గోడ. వలలు ఆరేసుకోవడానికి బాగుందని ముసలామె అన్నదట. ఏడు దినాల గడువు దాటాక, ఆ చోట గడ్డివాములేవీ లేవు కాబట్టి, ముప్పై ఎనిమిదీ తొలగించబడినవని రాసి ఫైలు మూసేశారు. అంటే మొదట్లో చెప్పిన నేలమట్టం మాట కాగితం మీద అక్షరాలా నిజమైంది. వెనక్కి తగ్గింది అనవసరంగానే.

నాగరాణి ఇప్పుడు ముప్పై మందికి పెద్ద. కొత్తగా చేరినవాళ్ళకు రంగులు నేర్పుతుంది. ఫిల్టరు పైన గోడకు పటం లేదు, దాన్ని అంటించిన టేపు మరకలు నాలుగు ఉన్నాయి. ఈ కథంతా రాసిన ముసలివాణ్ణి నేనే, ఒక ఆదివారం ఝరాసంగంలో ఆమెకు చదివి వినిపించాను. ఎంకయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆమె జొన్నలు చెరుగుతూ, చాట ఆపకుండా, చివరిదాకా విన్నది.

"అంత అబద్ధం," అంది. "ఉత్తరం లేదు, సంతకం లేదు. నేను సముద్రం మొఖమే సూడలే. ఈ తాతకు పొద్దువోక అల్లిండు."

"మరి మొగలిదిబ్బ?" అన్నాను.

"గసొంటి ఊరే లేదు," అంది నాగరాణి, చాటలోని పొట్టు ఊదేసి. "నమ్మకుంటె మ్యాపు తెరిచి సూసుకోన్రి. ఆడ ఒక్క ఇల్లన్న ఉంటె నన్నడుగున్రి."